ఈ పోగు ఎవరికి?

మొగులయ్య పోగుల దగ్గర వీపు తిప్పి నిలబడి కూడా దొంగచూపు చూస్తాడనీ, పెద్ద చేపలున్న పోగు వచ్చినప్పుడల్లా కావాలనే ఆటో తోలే రవీందర్ పేరు చెబుతాడనీ శామీర్‌పేట చెరువుకట్ట కింద ఒక మాట పుట్టింది. మేడ్చల్ మార్కెట్ దాకా పోయి, కొంచెం బలిసి తిరిగొచ్చింది. ఆ మాట శుద్ధ అబద్ధం. అబద్ధమని సాలమ్మ ఎవరి మీదైనా ఒట్టు పెట్టి చెబుతుంది. కాకపోతే ఆమె ఒట్టును ఇప్పుడు ఎవరూ లెక్కచేయడం లేదు. ఆ మాట నిజమని మొట్టమొదట ఒట్టు పెట్టి చెప్పింది కూడా ఆమే కదా.

పోగులంటే ఏమిటో ముందు చెప్పుకోవాలి. చెరువులో చేపలు పట్టేవాళ్ళ సంఘం పెద్ద వల లాగిన రోజున చేపల్లో ఎక్కువ భాగం కాంటా ఎక్కి వ్యాపారి బండిలో వెళ్ళిపోతుంది. ఇంటి కూరకని ఉంచుకున్నవాటిని మాత్రం కట్ట మీద పట్టా పరచి పోగులు పెడతారు. వల లాగిన ప్రతి మనిషికీ ఒక పోగు. ఎంత సరిచూసి పెట్టినా ఒక పోగులో బొచ్చె తల పెద్దదిగా కనిపిస్తుంది, ఇంకో పోగులో అన్నీ చవక జిలేబీ చేపలే పడతాయి. కళ్ళతో చూసి పంచుకుంటే అన్నదమ్ములైనా తన్నుకుంటారు. అందుకని ఒక మనిషి పోగులకు వీపు పెట్టి, చెరువువైపు మొహం పెట్టి నిలబడతాడు. ఇంకో మనిషి ఏదో ఒక పోగు మీద కర్ర ఆనించి, "ఇది ఎవరికి?" అని అడుగుతాడు. అటు తిరిగినవాడు ఒక పేరు చెబుతాడు. పోగు ఆ పేరుగలవాడిది. ఇక దాని మీద అప్పీలు లేదు. అందరి పేర్లూ అయిపోయాక మిగిలిన పోగు, పేర్లు చెప్పినవాడిది.

ఆ అటు తిరిగి నిలబడే మనిషి మొగులయ్య. యాభై దాటి చాలా ఏళ్ళయింది. ఎండకు మాడి, నీళ్ళకు నాని, మనిషి పాత తెప్ప చెక్కలా ఉంటాడు. మాట తక్కువ. ఉన్న ఆ కొద్ది మాటలనూ పోగుల దగ్గర పేర్లకే దాచుకుంటాడేమో అనిపిస్తుంది. వల లాగడం ఎవడైనా లాగుతాడు. తెప్ప తోయడం ఎవడైనా తోస్తాడు. కానీ ఆయన చెప్పిన పేరును కాదన్నవాడు ఇన్నేళ్ళలో లేడు. పొలం గట్టు దగ్గర మాటలు మానేసిన దాయాదులు కూడా ఆయన పేరు చెబితే గప్‌చుప్‌గా పోగు ఎత్తుకుని పోయేవాళ్ళు. ఆ నమ్మకమే ఆయన ఆస్తి. చివరి పోగులో జిలేబీలే మిగిలినా ఆయన ముఖం మారేది కాదు.

ముఖం మార్చుకునే పని ఆయన భార్య ఈదమ్మది. కరీంనగర్ రోడ్డు పక్కన గంపలో చేపలు పెట్టుకుని అమ్మే ఈదమ్మ, జిలేబీల పోగును చూసి ఒకసారి మూతి తిప్పి, వెంటనే సర్దుకునేది. "ఏం జేస్తవు, మా ఆయిన పది పాసు. సదువుకున్నోళ్ళు గట్లనే రూలు మీద పోతరు," అనేది. ఈదమ్మ బడి మెట్టు ఎక్కలేదు. అయితేనేం, మొగుడి పదో తరగతిని మెడలో గుండ్లపేరులా వేసుకుని తిరిగింది. ఐదో తరగతితో ఆగిపోయిన సాలమ్మ ముందు ఆ గుండ్లను కొంచెం ఎక్కువ గలగలలాడించేది.

ఇక సాలమ్మ సంగతి. ఆమె గురించి ఆమెకంటే చెడ్డగా చెప్పగలిగినవాళ్ళు ఆ వాడలో ఇంకా పుట్టలేదు కనుక, ఆమె చెప్పుకున్నట్టే చెప్పడం మంచిది. ఎవరింటి ముందైనా ఆటో ఆగితే, అది తిరిగి వెళ్ళేదాకా సాలమ్మ పొయ్యి మీద పప్పు మాడుతుంది. ఇంటి ముందు గద్దె మీద కూర్చుంటే వాడకు రెండువైపులా కనబడుతుందని, కొడుకు అక్కడ మొక్కల కుండీలు పెడతానంటే వారం రోజులు అన్నం మానేసినంత పని చేసింది. అడగడంలో ఆమెకొక సిద్ధాంతం ఉంది. మనిషిని సూటిగా అడగకూడదు. సూటిగా అడిగితే నత్తలా ముడుచుకుంటాడు. పక్కనుంచి రావాలి, వానల మీదుగానో ఉల్లిగడ్డల మీదుగానో. ఒకసారి వెనక వీధి కోడలు పుట్టింటికి ఎందుకు పోయిందో తెలుసుకోవాలని చిక్కుడుకాయలతో మొదలుపెట్టి ఊరంతా తిరిగి, చివరకు సంచినిండా చిక్కుడుకాయలతో ఇంటికొచ్చింది. ఆ కోడలు ఎందుకు పోయిందో ఈనాటికీ తెలియదు. చిక్కుడుకాయల నిండా మాత్రం పురుగులే.

అటువంటి సాలమ్మ గోడకు ఆనుకుని ఉన్న పోర్షన్‌లో దీప అద్దెకు ఉంటోంది. దీప మేడ్చల్‌లో ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు చెబుతుంది. ఆమె భర్తకు జీడిమెట్లలో షిఫ్టు డ్యూటీ. సాయంత్రాలు దీప ముందు గదిలో పిల్లలకు ట్యూషన్ చెబుతుంది. ఆ గదికీ సాలమ్మ వంటింటికీ మధ్య ఒక్క ఇటుక గోడ, ఆ గోడకు పైన ఒక చిన్న కిటికీ. ఆ కిటికీ కిందనే సాలమ్మ బియ్యం చెరుగుతుంది. వెలుతురు బాగుంటుందని అంటుంది.

ఒకరోజు సాయంత్రం పిల్లలు వెళ్ళిపోయాక కూడా ఆ కిటికీలోంచి మాటలు వచ్చాయి.

"మొగులయ్య ఏం ఇస్తడు?" దీప గొంతు.

"పెద్ద బొచ్చె."

సాలమ్మ చేట ఆపింది. ఆ రెండో గొంతు మొగులయ్యదే.

"ఎవరికి ఇస్తడు?"

"రవీందర్‌కు."

"ఎప్పుడు ఇస్తడు?"

"వల తీసినప్పుడు."

"ఎందుకు ఇస్తడు?"

 మొగులయ్య, చాలా కష్టం మీద, "ఆడు ఆయినకు దోస్తు గాబట్టి," అన్నాడు.

"శభాష్," అంది దీప.

సాలమ్మ చేట పక్కన పెట్టింది. ఇది విచారణే. సంఘం వాళ్ళు చదువుకున్న పిల్లతో గుట్టుగా విచారణ పెట్టించారు. మొగులయ్య నేరం ఒప్పుకున్నాడు. ఎవరు, ఏమిటి, ఎవరికి, ఎప్పుడు, ఎందుకు! సాలమ్మ తన జన్మలో ఎవరి నోటినుంచీ ఇన్ని జవాబులు వరసగా రాబట్టలేదు. దీప మీద కొంచెం ఈర్ష్య కూడా కలిగింది.

ఆమె ఆ సంగతి ఒక్కరికే చెప్పింది. కిరాణా కొట్టు లింగానికి. "నీ ఒక్కనికే సెప్తున్న, నా కొడుకు మీద ఒట్టు," అని కూడా అంది. తప్పెక్కడ జరిగిందంటే, లింగం కొట్టుకు వాడ మొత్తం వస్తుంది. మర్నాడు పొద్దుగూకేసరికి ఆ మాట యాదగిరి నోట సాలమ్మ గద్దె దగ్గరికే వచ్చింది. యాదగిరి సంఘంలో వల లాగేవాడు, ఎప్పుడూ తన పోగు చిన్నదని గొణిగేవాడు.

"ఇన్నవా పెద్దమ్మా? మొగులన్న సెరువు దిక్కు తిరిగి నిలబడేదెందుకో ఎరికేనా? నీళ్ళల్ల పోగుల నీడ కనవడతదంట! నీడ సూసుకుంట రవీందర్‌గానికి పెద్దయి పెడుతుండంట!"

"అవ్వ!" అని సాలమ్మ ముక్కు మీద వేలేసుకుంది. తాను కన్న మాటే ఊరంతా తిరిగి, కొత్త చీర కట్టుకుని గుమ్మం ముందుకొస్తే పోల్చుకోలేకపోయింది. పైగా, "నిజమా?" అని ఆశగా అడిగింది.

అప్పుడైనా నవ్వులాటగా పోయేదే. కానీ సంఘం అధ్యక్షుడు బాలరాజు నవ్వే మనిషి కాదు. వచ్చే వలకు యాదగిరి అటు తిరుగుతాడు, మొగులయ్య వద్దు అన్నాడు. ఎందుకని కూడా అడగకుండా మొగులయ్య, "సరే," అని వల మడతపెట్టుకున్నాడట. ఆ 'సరే' సంగతి సాలమ్మకు మింగుడుపడలేదు. కోపంతో ఎగిరిపడితే తప్పు చేశాడనుకోవచ్చు. ఏడిస్తే జాలిపడొచ్చు. 'సరే' అన్నవాడిని ఏం చేసుకోవాలి? అదే సాయంత్రం ఈదమ్మ ఖాళీ గంపతో గద్దె ముందునుంచి పోతూ, ఆగకుండానే, "ఎవ్వలు పుట్టిచ్చిన్రో గీ మాట, ఆళ్ళ నోట్ల బొచ్చె ముల్లు ఇరగ!" అని శపించి పోయింది. సాలమ్మ ఆ రాత్రి చారు కూడా జాగ్రత్తగా మింగింది.

తెల్లవారినప్పటినుంచీ ఆమెకు ఒకటే పరేషాన్. నిజం తేల్చాలి. ఎలా? మొగులయ్యను అడగొచ్చు. అది ఆమె సిద్ధాంతానికి విరుద్ధం. కాబట్టి సాయంత్రం గిన్నెడు మజ్జిగచారు చేసి కొంగు కింద పెట్టుకుని, దీప తలుపు తట్టింది.

లోపల పిల్లలు లేరు. చాప మీద మొగులయ్య మఠం వేసుకుని కూర్చున్నాడు. ముక్కు మీద కళ్ళజోడు. ఎదురుగా నల్లబోర్డు మీద ఇంగ్లీషు అక్షరాలు. సాలమ్మను చూడగానే ఆయన వలలో చిక్కిన చేపలా ఒక్క ఎగురు ఎగిరి, మళ్ళీ కూలబడ్డాడు.

"సల్లచారు తెచ్చిన బిడ్డా. గింత ఎక్కువైంది," అంది సాలమ్మ, కళ్ళు మాత్రం బోర్డు మీదే పెట్టి. "గోడ మీద గదేంది, మంత్రమా?"

"మంత్రం కాదవ్వా, పాఠం," అని నవ్వింది దీప. "మొగులయ్య రవీందర్‌కు పెద్ద చేప ఇస్తడు. గదే ఇంగ్లీషుల ఉన్నది. మన సొంత మాటలతోటి వాక్యాలు చెయ్యమంటే కాక గిది చేసిండు."

"రవీందర్ ఎందుకొచ్చిండు నడుమల?" అని అడిగింది సాలమ్మ.

మొగులయ్య తల దించుకునే జవాబు చెప్పాడు. "ఆని ఆటో ఎనుక పేరు ఇంగ్లీషుల రాసున్నది. రోజు సూసి సూసి గా పేరు రాసుడొచ్చింది. యాదగిరి పేరు రాదు."

సాలమ్మ గిన్నె కింద పెట్టి చాప చివర కూర్చుంది. విచారణ కాదు. నేరం లేదు. పాఠం! చిన్నప్పుడు వాచకంలో 'సోమయ్యకు రెండు ఎడ్లు కలవు' అని వస్తే, ఏ ఊరి సోమయ్య, ఆయన ఎడ్లు ఎక్కడ కొన్నాడు అని పంతులును అడిగి బెత్తం దెబ్బ తిన్నది. ఇన్నేళ్ళు గడిచినా బుద్ధి ఆ బెంచీ మీదనే కూర్చుని ఉంది.

దీప మాత్రం పాఠం ఆపలేదు. "కాకా, చెప్పు. దీంట్ల డైరెక్ట్ ఆబ్జెక్ట్ ఏది?"

"రవీందర్."

"మళ్ళ గదే! 'ఏం' అని అడిగితే వచ్చేది డైరెక్టు. 'ఎవరికి' అంటే వచ్చేది ఇండైరెక్టు. ఏం ఇస్తడు?"

"చేప."

"మరి డైరెక్టు ఏది?"

"రవీందరే మేడం," అన్నాడు మొగులయ్య, తప్పని తెలిసి కూడా మనసొప్పక. "పోగు మీద కర్ర పెడతరు, నిజమే. గని అడిగేది చేపను గాదు గద, మనిషిని. ఎవనికి అన్నదే అసలు సంగతి. ఇంగ్లీషోడు గూడ 'గివ్స్' అనంగనే రవీందర్ పేరే చెప్పిండు, చేపను ఆఖర్న పెట్టిండు."

"ముందల చెప్పిందంత డైరెక్టు గాదు కాకా. రవీందర్‌ను తీసెయ్యి. 'మొగులయ్య చేప ఇస్తడు.' వాక్యం నిలబడ్డదా?"

"నిలబడ్డది."

"చేపను తీసెయ్యి. 'మొగులయ్య రవీందర్‌కు ఇస్తడు.' ఏం ఇస్తడు? తెల్వది. కుంటుతున్నదా లేదా?"

"కుంటుతున్నది," అని ఒప్పుకున్నాడాయన. కానీ ముఖంలో ఒప్పుకోలు లేదు. "గని మేడం, 'చేప ఇస్తడు' అని ఊకుంటే కట్ట మీద తలకాయలు పగుల్తయ్. ఎవనికి, ఎవనికి అని."

సాలమ్మకు అంత బాధలోనూ నవ్వొచ్చింది. తన బతుకంతా 'ఏం', 'ఎవరికి' తప్ప ఇంకేం అడిగింది? ఇంగ్లీషు వాళ్ళు దీనికి పేర్లు పెట్టి మార్కులు వేస్తారని తెలిస్తే, ఆ చదువేదో అప్పుడే చదువుకునేది.

"గింతేనా, ఇంక ఉన్నదా?" అని అడిగింది.

"క్లాజు ఉన్నదవ్వా. 'వల తీసినప్పుడు' అన్నం చూడు, గది క్లాజు. దాంట్ల ఒక మనిషి ఉన్నడు, ఒక పని ఉన్నది, చిన్న సంసారం తీరు. గని ఒక్కతే నిలబడలేదు. 'వల తీసినప్పుడు' అని ఆపితే ఏమైతది? 'ఏమైందే?' అని అందరు నోరు తెరుస్తరు. పెద్ద వాక్యం పక్కన ఉంటనే దానికి బతుకు."

"మా పెద్దోని లెక్కన్నట్టు," అంది సాలమ్మ. "పెండ్లామున్నది, పిల్లలున్నరు, సంసారమున్నది. పొయ్యి మాత్రం నాది."

దీప పడీపడీ నవ్వింది. మొగులయ్య కూడా కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ నవ్వుల్లోనే దీప, "రెండు దినాల్ల నీకు పట్టువడతది కాకా. పరీక్షల గిట్ల రాస్తే గదా..." అనబోయింది. మొగులయ్య గట్టిగా దగ్గాడు. దీప నాలుక కరుచుకుంది.

పరీక్ష! సాలమ్మ చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఈ వయసులో ఏం పరీక్ష? ఎవరు పెడతారు? అడగాలని నోటిదాకా వచ్చింది. కానీ సూటిగా అడగకూడదు కదా. "ఈసారి ఎండలు బాగనే ఉండేటట్టున్నయ్," అంది.

"ఉంటయ్," అన్నాడు మొగులయ్య.

అదీ ఆమె నేర్పు! బయటికి వచ్చేటప్పుడు ఆయన గుమ్మం దాకా వచ్చి, "అక్కా, నేనీడికి వస్తున్నట్టు మా ఇంట్ల తెల్వద్దు. పోగుల కాడికెల్లి తీసినా మంచిదే. ఈదమ్మకు మాత్రం తెల్వద్దు," అన్నాడు.

ఇప్పుడు సాలమ్మ ఇరుకున పడింది. పోగుల మాట అబద్ధమని చెప్పాలంటే పాఠం సంగతి చెప్పాలి. పాఠం సంగతి చెబితే ఈదమ్మకు తెలుస్తుంది. చెప్పకపోతే మొగులయ్య ఇన్నేళ్ళ నమ్మకం మట్టిలో కలుస్తుంది. రాత్రంతా ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టింది. పేరు చెప్పకుండా చెప్పాలి. ఇటువంటి ఉపాయం తనకు తప్ప ఇంకెవరికీ తట్టదని మురిసిపోయింది కూడా. ఆ మాట మాత్రం నిజం.

"లింగం," అంది మర్నాడు కొట్టు దగ్గర, "ఒక మనిషి ఉన్నడనుకో."

"ఏ మనిషి?"

"ఎవడో ఒకడు. ఉన్నడనుకో. ఆడు ఇంగ్లీషు నేర్సుకుంటున్నడనుకో. నేర్సుకుంట నేర్సుకుంట, చేప ఇస్త అని ఊకనే అన్నడనుకో. ఎవ్వనికి ఇయ్యలే. ఉత్తదే అన్నట్టు."

లింగం చింతపండు పొట్లం కట్టడం ఆపి ఆమెను చూశాడు. "మొగులన్న ఇంగ్లీషు నేర్సుకుంటుండా?"

"నేనా మాటన్ననా?"

"అనలే," అన్నాడు లింగం గంభీరంగా. "గని ఇంగ్లీషెందుకు ఆయినకు?"

సాయంత్రానికి వాడకు దొరికిన జవాబు ఇది: బయటి కంపెనీ ఏదో చెరువులో పడవలు తిప్పడానికి వస్తోందట, వాళ్ళతో ఇంగ్లీషులో మాట్లాడి చెరువు మొత్తం రాసిచ్చేయడానికి మొగులయ్య గుట్టుగా తయారవుతున్నాడట. నిన్నటిదాకా పోయింది పోగు ఒక్కటే. సాలమ్మ సర్దిన తర్వాత చెరువే పోయింది. బాలరాజు గద్దె దగ్గరికొచ్చి, "పెద్దమ్మా, నువ్వు ఇంక సాయం చెయ్యకు," అని దండం పెట్టాడు. "ఇంగ్లీషెందుకో మొగులన్న నోటితోని చెప్పాలె. చెప్తే పోగుల కాడ మళ్ళ ఆయిననే అటు తిప్పుత. చెప్పకుంటే పోగుల కాడికి ఇగ రావద్దు. గంతే."

వల తీసే రోజు సాలమ్మ పొద్దున్నే కట్ట మీదికి పోయింది. కూర చేపలు తెచ్చుకోవడానికని కోడలికి చెప్పింది. ఆ ఇంట్లో శనివారం నీసు వండరు, ఆరోజు శనివారం.

వల వచ్చింది. కాంటా అయింది. పట్టా మీద పోగులు పడ్డాయి. మొగులయ్య దూరంగా తుమ్మచెట్టు కింద వల దులుపుకుంటూ కూర్చున్నాడు, ఏదీ తనకు పట్టనట్టు. యాదగిరి తువ్వాలు నడుముకు బిగించి, నీళ్ళలో నీడలు కనిపిస్తాయని తానే చెప్పాడు కనుక, చెరువువైపు కాకుండా రోడ్డువైపు తిరిగి నిలబడ్డాడు. బాలరాజు కర్ర ఆనించాడు.

"ఇది ఎవరికి?"

"నాకు," అన్నాడు యాదగిరి.

గోల లేచింది. "పేర్లు చెప్పేటోనిది ఆఖరి పోగు రా! గది గూడ తెల్వదా?"

యాదగిరి నాలుక కరుచుకుని మళ్ళీ నిలబడ్డాడు. కానీ ఆ మనిషికి మెడ నిలవదు. వెనక ఏదైనా చప్పుడైతే చాలు, తల తిరిగిపోతుంది. ఒకసారి ఈగను తోలినట్టు, ఇంకోసారి దగ్గినట్టు తిరిగాడు. మూడోసారి ఎవరో తడి తువ్వాలు తీసి ఆయన కళ్ళకు గంతలు కట్టారు.

"ఇది ఎవరికి?" కర్ర ఈసారి అన్నిటికంటే పెద్ద బొచ్చె ఉన్న పోగు మీద ఆగింది.

గంతల లోపల యాదగిరి కాసేపు ఆలోచించి, "రవీందర్," అన్నాడు.

 కట్ట మీద ఎవరో కిసుక్కున నవ్వారు. రవీందర్ ముందుకొచ్చాడు. ఆటో తోలుకుంటూ వల రోజున మాత్రం వచ్చే మనిషి. ఇన్ని రోజులూ నోరెత్తలేదు. ఆ బొచ్చెను తోక పట్టుకుని ఎత్తి బాలరాజు ముందు పడేశాడు.

"కండ్లకు గంతలు కట్టినా నా పేరే వచ్చింది! ఇప్పుడు యాదన్న గూడ నాకు దోస్తేనా? నాకీ చేప వద్దు. మొగులన్నను తిప్పుండ్రి, లేకుంటే నన్ను తీసెయ్యుండ్రి."

"తిప్పుదం," అన్నాడు బాలరాజు, ఇబ్బందిగా. "గని ఇంగ్లీషు సంగతి తేలాలె కద."

అందరి కళ్ళూ తుమ్మచెట్టు వైపు తిరిగాయి. మొగులయ్య లేచాడు. నోరు తెరిచాడు. గంప పట్టుకుని నిలబడ్డ ఈదమ్మను చూశాడు. నోరు మూసుకున్నాడు.

ఈదమ్మ గంప కింద పెట్టి కొంగు దోపుకుంది. "ఏం ఇంగ్లీషు బాలరాజు? ఎవ్వలు చెప్పిన్రు నీకు? మా ఆయిన పది పాసు! ఇంగ్లీషు ఆయినకు పెండ్లి గాకముందే వచ్చు. పాసైన మనిషి మళ్ళ ఎవ్వనికాడ నేర్సుకుంటడు? గిదంత ఐదో తరగతోళ్ళు పుట్టిచ్చిన కత!"

ఐదో తరగతి వాళ్ళు ఆ కట్ట మీద ఒక్కరే ఉన్నారు. కానీ సాలమ్మకు ఆ దెబ్బ తగలలేదు. ఆమె మొగులయ్య ముఖం చూస్తోంది. 'పది పాసు' అని ఈదమ్మ అన్న ప్రతిసారీ ఆ ముఖం ఎండలో పడేసిన చేపలా వాడిపోవడం ఆమెకు మొదటిసారి కనిపించింది. ఇన్నేళ్ళూ ఆ మాట గద్దె మీద కూర్చుని వింటూనే ఉంది. ఆయన ముఖం చూడాలని మాత్రం ఏనాడూ తోచలేదు. వాడలో ఎవరి ఆటో ఎటు పోయిందో చెప్పగల మనిషి! లింగాన్ని అడిగింది, దీపను అడిగింది, ఎండలనూ వానలనూ అడిగింది. ఎవరిని అడగాలో ఆ ఒక్కడిని తప్ప.

ఇప్పుడు ఆయన మళ్ళీ 'సరే' అంటాడు. వల మడతపెట్టుకుంటాడు. అంతే. ఆ తర్వాత జన్మలో పోగుల దగ్గర నిలబడడు.

సాలమ్మ చెప్పులు విడిచి పట్టా దాకా నడిచింది. వానల మీదుగా రాలేదు, ఉల్లిగడ్డల మీదుగా రాలేదు. అలవాటు లేని పనైనా, సూటిగానే అడిగింది.

"మొగులయ్యా, నన్ను సూడు. ఇంగ్లీషు ఎందుకు నేర్సుకుంటున్నవయ్యా?"

మొగులయ్య ఆమెను చూశాడు. చేతిలోని వల కింద పెట్టి, మెల్లగా వచ్చి, యాదగిరి కళ్ళ గంతలు విప్పి పక్కకు జరిపి, తన పాత చోట నిలబడ్డాడు. పోగులకూ, మనుషులకూ, ఈదమ్మకూ వీపు పెట్టి చెరువువైపు తిరిగాడు. పేర్లు చెప్పే గొంతుతోనే చెప్పాడు.

"పదిల నాకు ఇంగ్లీషు పోయిందక్కా. పెండ్లిసూపులకాడ మా నాయిన పాసన్నడు, నేను నోరు మూసుకున్న. అప్పటిసంది ఈదమ్మ గీ కట్ట మీద, గా రోడ్డు మీద, నీ గద్దె మీద నా మొగడు పది పాసని చెప్పుకుంట వస్తాంది. అబద్ధం నాదైతే, ఆడేది ఆమె అయితాంది. ఎండకాలం ఓపెన్ స్కూల్ల పది ఇంగ్లీషు పరీక్ష రాస్తున్న, ఆమె మాట నిజం చేద్దామని. గంతే... ఇగ కర్ర పెట్టు బాలరాజు, చేపలు ఎండకు పోతున్నయ్."